జూనియర్ డాక్టర్లకు ఒక ఆశా కార్యకర్త బహిరంగ లేఖ

జూనియర్ డాక్టర్లకు నమస్కారం.

మీలో చాలామంది మా పెద్దోడి వయసు వాళ్ళే. అయినా మీరు అనే రాస్తున్నా. గర్భిణిని వెంటబెట్టుకుని వార్డుకొచ్చినప్పుడు సార్, మేడం అనే కదా పిలుస్తాం, ఆ అలవాటు కాగితం మీద కూడా పోయేలా లేదు.

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ఊరి ఆశా కార్యకర్తను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక తొలి విడతల్లో చేరినదాన్ని. పదో తరగతి చదివాను. మీ నోటి నుంచే పదే పదే వింటున్న ఒక మాట వల్ల ఈ ఉత్తరం రాస్తున్నా. లేబర్ రూం బయట విన్నా, పీహెచ్‌సీలో విన్నా, ఆఖరికి మా ఇంట్లో కూడా విన్నా: "జీతం తక్కువైతే ఏంది అక్కా, మీ పనిలో తృప్తి ఉంది. మాకు అదీ లేదు."

మీరు మనసులోంచే అంటారని తెలుసు. రాత్రంతా నిలబడి పొద్దున మళ్ళీ రౌండ్స్‌కి పరిగెత్తే మనిషి ఆ మాట అంటే అందులో ఎగతాళి ఏముంటుంది? కానీ అదే మాటను మైకు ముందు వేరేవాళ్ళు వాడుకుంటున్నారు. మహిళా దినోత్సవం రోజు మెడలో శాలువా వేసి, ఆశాలు డబ్బు కోసం చేసేవాళ్ళు కాదు, సేవ కోసం చేసేవాళ్ళు అంటారు. మేమూ చప్పట్లు కొడతాం. తర్వాతి నెల పారితోషికం ఆలస్యమైతే ఎవరిని అడగాలో తెలియక మా సబ్‌సెంటర్ నర్సు ఏఎన్ఎమ్ మేడం ముఖం చూస్తాం, ఆమె మా ముఖం చూస్తుంది. అందుకే ఈ తృప్తి సంగతేందో మీతోనే తేల్చుకుందామనిపించింది.

మీరన్నది అబద్ధమేం కాదు. తృప్తి ఉంది. అది ఎక్కడుందో చెబుతా.

మా ఊళ్ళో ఒక అమ్మాయికి నెలలు నిండకముందే కాన్పయింది. బిడ్డ కిలో తొమ్మిది వందలు. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికెళ్ళి చూడటం మా పని. ఇలాంటి పలచటి బిడ్డయితే ఇంకా ఎక్కువసార్లు పోతాం. సంచిలో ఒక వేలాడే కాంటా, దానికి ఒక జోలె, ఒక థర్మామీటర్, ఒక గడియారం ఉంటాయి. జోలెలో పడుకోబెట్టి పైకెత్తితే ముల్లు కాసేపు ఊగుతుంది. అది నిలబడేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. తర్వాత చంకలో థర్మామీటర్ పెట్టాలి. అంగీ పైకి జరిపి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. అరవై వస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి, మళ్ళీ అంతే వస్తే అంబులెన్స్ బండికి ఫోన్ చేయాలి.

ఇదంతా శిక్షణలో నేర్పారు. నాయనమ్మల సంగతి మాత్రం ఎవరూ నేర్పలేదు. వసకొమ్ము అరగదీసి బిడ్డ నాలుకకు రాస్తానంటుంది. తలకు పోసి సాంబ్రాణి పొగ పట్టకపోతే బిడ్డకు పడిశం పడుతుందంటుంది. నలుగురిని కని పెంచిన మనిషి, పదో తరగతి చదివిన నా మాట ఎందుకు వినాలి? ఆమె కళ్ళుగప్పి కోడలికి చెప్తే లాభం లేదు, నేను గడప దాటగానే మళ్ళీ మొదలవుతుంది. అందుకని ఆమెకే పని అప్పజెప్పా. "అత్తమ్మా, నీ చేత్తోనే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టు. మధ్యల బట్ట ఉండొద్దు. పైన నీ చీర కప్పు. ఆ వేడి పోకుండ చూసే బాధ్యత నీది" అన్నా. కంగారూ కేర్ అని మీరు పుస్తకంలో చదువుకున్నది ఇదే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకంటే కచ్చితంగా డ్యూటీ చేసింది ఆవిడే. వాకిట్లోకి ఎవరొచ్చినా "చేతులు కడుక్కున్నవా" అని అరిచేది. కాంటా ముల్లు రెండు కిలోలు దాటిన రోజు నాకు పాయసం పెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. నన్ను చూస్తే సూది వేయించడానికొచ్చిందని తలుపు వెనక దాక్కుంటుంది.

ఇంటికెళ్ళి ఆరుసార్లు చూసినందుకు కేంద్రం లెక్కలో ఇచ్చేది మొత్తం కలిపి 250 రూపాయలు. ఒక్కో రాకకు 42 రూపాయలు కూడా పడవు.

ఆ బిడ్డ బతకడంలో నా పాలు ఎంత, మీ పాలు ఎంత అని ఎప్పుడైనా లెక్కేస్తే మీదే పెద్దది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ మేడం బిడ్డకు ఊపిరి అందేలా చేయకపోతే నేను కాంటా పట్టుకుని పోయేదాన్నే కాదు. కానీ ఆ పిల్ల అంగన్‌వాడీకి పోతున్న సంగతి ఆ మేడానికి తెలియదు. ఆమెకు తెలిసింది ఒక బెడ్ నంబరు, ఒక కేస్ షీట్. డిశ్చార్జ్ రాసిన గంటకే ఆ మంచం మీద ఇంకో కేసు. నాకు దక్కిన తృప్తి ఆమెకు దక్కకపోవడానికీ, నా జీతం తక్కువ కావడానికీ సంబంధం లేదు. నేను చివరిదాకా చూశాను. ఆమెను చూడనివ్వలేదు. రేపు నాకు ముప్పై వేలు ఇచ్చినా ఆ పాయసం అంతే తియ్యగా ఉంటుంది.

మా అక్క కొడుకు మీలో ఒకడు. ఎంబీబీఎస్ అయిపోయి పీజీలో ఉన్నాడు, ఏ కాలేజీయో ఇక్కడ అక్కర్లేదు. దసరాకు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. "చిన్నమ్మా, నిన్న ఎంతమందిని చూసిన్నో చెప్పమంటే చెప్పలేను. ఒక్క ముఖం యాదికి లేదు" అన్నాడు. కాసేపాగి, "నీ పనే నయం" అన్నాడు. ఏం నయంరా అని అడిగా. "నిన్ను పేరు పెట్టి పిలుస్తరు. నువ్వూ వాళ్ళను పేరు పెట్టి పిలుస్తవు. మా దగ్గర అంతా నంబర్లే." వీడి చదువు కోసం ఎకరం పొలం అమ్మిన మా అక్క పక్కనే ఉంది. ఆమె ముందు అనాల్సిన మాట కాదది. అక్క ఏమీ అనకుండా గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

మీ డ్యూటీల సంగతి నాకు వాడు చెప్పాకే అర్థమైంది. రెసిడెంట్ డాక్టర్లు వారానికి 48 గంటలు, ఒకే విడతలో 12 గంటలకు మించి పనిచేయకూడదని కేంద్రం ఉత్తర్వు 1992లోనే ఉందట. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. వారానికి 74 గంటలు దాటొద్దు, ఒక రోజు సెలవు ఇవ్వాలి అని అందులో సిఫారసు చేసింది. ముప్పై ఏళ్ళ కింద 48 అన్న చోట ఇప్పుడు 74 అంటే, దాన్నే వరంలా చూసుకోవాల్సి వస్తోందంటే, మధ్యలో ఎన్ని గంటలు చేయించుకుంటున్నారో ఊహించుకోవచ్చు. ఆ టాస్క్‌ఫోర్స్ చేసిన సర్వేలో పీజీ విద్యార్థుల్లో 31.2 శాతం మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. పదిమందిలో ముగ్గురు. ఈ అంకె వాడు ఫోన్లో చూపించినప్పుడు నేను వాడి ముఖం వంకే చూశా గానీ ఏమీ అడగలేకపోయా. అదే ఏడాది ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో, గంటలకు గంటలు డ్యూటీ చేసి కాస్త నడుం వాల్చడానికి సెమినార్ హాలుకు పోయిన డాక్టరమ్మకు ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఆ కొవ్వొత్తుల ర్యాలీల్లో మేమూ నడిచాం. అంతకు రెండు నెలల ముందు, జూన్‌లో, మన రాష్ట్రంలో మీరు సమ్మె చేశారు. స్టైపెండ్ నెలనెలా టైముకు ఇవ్వండన్నది అందులో ఒక డిమాండు. చేసిన పనికి డబ్బులు టైముకు ఇమ్మని డాక్టర్లు రోడ్డెక్కడం మాకు వింతగా ఏం అనిపించలేదు. మేం ఆ రోడ్డు మీద పాతవాళ్ళం.

మీకు పెద్దవాళ్ళు చెప్పే సమాధానం కూడా నాకు తెలుసు. "రేపు లక్షలు సంపాదిస్తారు కదా, ఇప్పుడు ఓర్చుకోండి." మాకేమో, "ఊరంతా మిమ్మల్ని చేతులెత్తి మొక్కుతోంది కదా, ఇంకేం కావాలి." మాకు తృప్తి ఉంది కాబట్టి జీతం అడగొద్దట. మీకు రేపు డబ్బొస్తుంది కాబట్టి ఇవాళ నిద్ర అడగొద్దట. మిమ్మల్ని మాకు చూపించి, మమ్మల్ని మీకు చూపించి ఇద్దరి నోళ్ళూ మూయిస్తున్నారు. మీరు టీ తాగుతూ "మీ పనే నయం అక్కా" అన్నప్పుడల్లా వాళ్ళకు సాక్షి సంతకం పెడుతున్నట్టే.

ఇంకో సంగతి. మా పని మొత్తం పాయసం కాదు. సర్వేలు వస్తాయి. బీపీ, షుగర్ సర్వే, టీబీ సర్వే, కుష్టు సర్వే, కంటి సర్వే, ఆపైన మా శాఖకు సంబంధం లేని సర్వేలు. టీబీ పరీక్షకు కఫం డబ్బాలు మోసుకుని సెంటరుకు పోవాలి, బస్సులో పక్కన కూర్చున్నామె ఏముందమ్మా అందులో అని అడిగితే చెప్పలేక చావాలి. ఒకటే వివరం రిజిస్టర్‌లో రాయాలి, మళ్ళీ ఫోన్లో ఎక్కించాలి. మా తండాలో సిగ్నల్ ఉండదు, నీళ్ళ ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఎక్కిస్తాం. ఎంట్రీ పడకపోతే చేసిన పని చేయనట్టే. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆమెతో ఆసుపత్రికొస్తే ఆమెకు మంచం దొరుకుతుంది, నాకు వరండా కూడా దొరకదు. "అటెండెంట్ ఒక్కరే, నువ్వు బయటికి పో" అంటాడు సెక్యూరిటీ. బయటంటే స్కూటర్లు పెట్టే షెడ్డు. పొద్దున్నే వార్డులో మీలో ఒకరు, "హిమోగ్లోబిన్ ఏడుంటే ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా" అని ఆమె అత్త ముందే నన్ను అరుస్తారు. ఐరన్ మాత్రలు ఇచ్చాను, మింగితే కడుపులో తిప్పుతోందని ఆమె చూరులో దాచింది, అది పట్టుకుని మళ్ళీ మింగించేసరికి ఏడో నెల వచ్చింది. ఇదంతా మీకు చెప్పే టైము ఉండదు, వినే టైము మీకూ ఉండదు. తృప్తి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేయండి.

డబ్బు గురించి కూడా సూటిగా రాస్తా, ఎందుకంటే మీలో చాలామందికి మాకెంతొస్తుందో తెలియదు. మమ్మల్ని కాగితం మీద స్వచ్ఛంద కార్యకర్తలు అంటారు కాబట్టి మాకు జీతం అనేది లేదు. 2022లో మన రాష్ట్రంలో పారితోషికం 7,500 నుంచి 9,750 రూపాయలకు పెరిగింది. మేం అడుగుతున్నది 18 వేలు, ఫిక్స్‌డ్‌గా. పక్క రాష్ట్రం ఆంధ్రాలో 10 వేలు ఇస్తున్నారు, 2025లో అక్కడ గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, 62 ఏళ్ళదాకా పని అని ప్రకటించారు. కేంద్రం తన వాటా కింద నెలనెలా ఇచ్చే రెండు వేలను అదే ఏడాది 3,500 చేసింది. కేరళలో మా వాళ్ళు 2025 ఫిబ్రవరి నుంచి తిరువనంతపురం సెక్రటేరియట్ ముందు ఎండకూ వానకూ ఎనిమిది నెలలకు పైగా కూర్చుంటే వెయ్యి రూపాయలు పెరిగింది. మాలాంటి స్కీం వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. పది లక్షల మందిమి, నిజంగానే గర్వపడ్డాం. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఆ ఫోటో చూపిస్తే కిరాణా కొట్లో ఉద్దెర పెరగదు.

మా ఆయన ఆటో నడుపుతాడు. ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు వచ్చాక మీటింగులకు పోయే నా చార్జీలు మిగిలాయి, ఆయన ఆటో ఎక్కేవాళ్ళు తగ్గారు. ఇంట్లో ఈ విషయం మీద మేం నవ్వుకోవడమూ ఉంది, తిట్టుకోవడమూ ఉంది. పత్తి ఏరే కాలంలో నాతోటి ఆడవాళ్ళు పొద్దున పోయి సాయంత్రానికి చేతిలో కూలి డబ్బులతో వస్తారు. నేను అదే పొద్దున టీకాల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళంతా చేనుకు పోయారని తాళాలు చూసి, చీకటి పడ్డాక మళ్ళీ పోతా. డ్వాక్రా గ్రూపులో కిస్తీ కట్టే రోజు ఎవరి దగ్గర డబ్బుంటుందో చెప్పనక్కర్లేదు. అయినా ఆశాగా ఎందుకుంటున్నావు అని మా చెల్లెలు అడుగుతుంది. పని నచ్చింది కాబట్టి. నచ్చిన పని చేసుకునేందుకు నెలనెలా ఇంత జరిమానా కట్టాలా?

ఊళ్ళో ఇంటర్ బైపీసీ పిల్లల తల్లులు నా దగ్గరికొస్తుంటారు, ఆసుపత్రుల్లో తిరిగేదాన్ని కాబట్టి నాకేదో తెలుసనుకుని. నీట్ ఒకసారి పోయింది, లాంగ్ టర్మ్ పెట్టాలా వద్దా అని. ఒకామె తన బిడ్డ ముందే, "డాక్టర్ కాకపోతే ఇగ అక్క లెక్క సంచేసుకుని తిరగాల్సిందే" అంది. నేను నవ్వి ఊరుకున్నా. ఆ పిల్లకు మాత్రం తర్వాత విడిగా ఒక మాట చెప్పా: మనుషులంటే ఇష్టముంటే నర్సింగూ ఉంది, ల్యాబూ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, డాక్టరు కూడా ఉంది, దేనికి పోయినా జీతం ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు అని ముందే అడుగు, అడగడానికి సిగ్గుపడకు. ఆ పిల్ల ఇప్పుడు లాంగ్ టర్మ్‌లోనే ఉంది. పాసవ్వాలనే నా కోరిక.

ఇక మీతో నాకున్న పని.

మొదటిది, మీ ఇంటర్న్‌షిప్‌లో పల్లె పోస్టింగు ఉంటుంది. దానికి ముందే, ఫ్యామిలీ అడాప్షన్ అని మొదటి ఏడాది నుంచే ఊళ్ళలో కుటుంబాలను దత్తత తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. మా ఊరికి ఒక కాలేజీ బస్సు వస్తుంది. పిల్లలు తెల్ల కోట్లతో దిగి, బీపీ చూసి, ఫోటో దిగి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. ఇళ్ళు చూపించేది నేనే. వాళ్ళ తప్పేం లేదు, బస్సు టైము అంత. మీరు సీనియర్లయ్యాక, మీ సార్లతో మాట్లాడగలిగే స్థాయికొచ్చాక, ఆ పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో బాలింతను అప్పగించమనండి. 3వ రోజు నుంచి 42వ రోజుదాకా మాతో రానివ్వండి. కాంటా వాళ్ళనే పట్టుకోనివ్వండి. తర్వాత లేబర్ రూంలో ఎన్ని గంటలు నిలబడినా, ఆ పని ఎటు పోయి తేలుతుందో ఒకసారి కళ్ళతో చూసిన మనిషిగా నిలబడతారు.

రెండోది చిన్నది. డిశ్చార్జ్ చీటీ మీద ఆశా ఫోన్ నంబరు రాసే చోటు పెట్టించండి. ఆ నంబరుకు మీరు ఫోన్ చేస్తే నేను చెబుతా, ఆ బెడ్ నంబరుకు ఏం పేరు పెట్టారో, ఎంత బరువుందో. మా అక్క కొడుకు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. మా మండలం కేసు కనపడితే నాకు వాట్సాప్‌లో పెడతాడు, నెలయ్యాక ఫోటో అడుగుతాడు. డ్యూటీ గంటలు ఒక్కటీ తగ్గలేదు, అది వేరే కొట్లాట. కానీ ఫోటో పంపకపోతే గుర్తుచేస్తున్నాడు.

మూడోది అసలుది. ఈసారి మీ సంఘం డిమాండ్ల కాగితం రాసేటప్పుడు అందులో ఆశాలకు కనీస వేతనం అని ఒక లైను చేర్చండి. మీరు హైదరాబాద్ కోఠిలో వైద్య విద్య డైరెక్టర్ (డీఎంఈ) ఆఫీసు ముందు కూర్చుంటే టీవీలు వస్తాయి, మంత్రులు చర్చలకు పిలుస్తారు. మమ్మల్ని వ్యాన్లు ఎక్కించి స్టేషన్లో దింపుతారు. మీ కాగితంలో మా లైను ఉంటే అది గదిలోపలికి పోతుంది. బదులుగా మా కాగితంలో జూనియర్ డాక్టర్ల డ్యూటీ గంటలు అని ఒక లైను నేను రాయిస్తా.

ఉత్తి మాట కాదు, మా మండల సమావేశంలో ఇప్పటికే లేపాను. సగం మంది సరే అన్నారు. మిగతావాళ్ళు, డాక్టర్లకేం తక్కువ, మనల్ని వార్డులో అరిచేదే వాళ్ళు కదా అన్నారు. ముప్పై గంటలు నిద్ర లేకపోతే నువ్వైనా అరుస్తావు అన్నా. దాని మీద ఇంకా పంచాయితీ నడుస్తోంది. వచ్చే ఆశా డే (మా నెలవారీ మీటింగు) రోజు మళ్ళీ చర్చకు పెడతాం. ఆలోపు మీ సంఘం నుంచి ఎవరైనా ఒకరు వచ్చి అరగంట మాట్లాడితే నా పని సులువవుతుంది. డ్యూటీ దిగి నేరుగా రాకండి, పడుకుని రండి.

ఇట్లు
ఒక ఆశా కార్యకర్త
ఉమ్మడి నల్గొండ జిల్లా